పందికి అరగని పీచు పెద్దపేగులో ఏమవుతుంది?

అస్సాం పల్లెల్లో చాలా ఇళ్ల వెనక ఒకటో రెండో పందులు కనిపిస్తాయి. 2019 పశుగణన ప్రకారం దేశంలోని సుమారు 90 లక్షల పందుల్లో 21 లక్షలు ఆ ఒక్క రాష్ట్రంలోనే ఉన్నాయి. దాణా కొనే స్తోమత లేని కుటుంబాలు తవుడు, చేమ ఆకులు, చిలగడదుంప తీగలు, వంటింట్లో మిగిలినవి కలిపి ఉడికించి పెడతాయి. ఈ మేతలో పీచు ఎక్కువ. పంది దాన్ని అరిగించుకోగలదా?

సొంతంగా అరిగించుకోలేదు. ఆవుకు నాలుగు గదుల పొట్ట ఉంటుంది. పందికి మనలాగే ఒకటే గది. గింజల్లోని పిండిపదార్థాన్ని చిన్నపేగులోని ఎంజైములు గ్లూకోజుగా విడగొడతాయి. సెల్యులోజ్, పెక్టిన్ లాంటి పీచు పదార్థాలను విడగొట్టే ఎంజైములు మాత్రం పంది శరీరంలో తయారుకావు. అందుకే పీచులో ఎక్కువ భాగం అరగకుండానే పెద్దపేగుకు చేరుతుంది.

అక్కడ ఆక్సిజన్ దాదాపు ఉండదు. ఆ వాతావరణంలో బతికే కోటానుకోట్ల బ్యాక్టీరియా పీచును పులియబెడతాయి. ఇడ్లీ పిండి పులిసినప్పటిలాగే ఇక్కడా ఆమ్లాలు, వాయువులు పుడతాయి. ఆ ఆమ్లాల్లో ముఖ్యమైనవి అసిటేట్, ప్రొపియొనేట్, బ్యుటిరేట్. వీటిని పేగు గోడ పీల్చుకుంటుంది. బ్యుటిరేట్ పెద్దపేగు గోడలోని కణాలకే ప్రధాన ఇంధనం. మిగిలినవి రక్తంలో కలిసి శరీరానికి శక్తినిస్తాయి.

అయితే పీచులోని శక్తి అంతా పందికి దక్కదు. కొంత మీథేన్, హైడ్రోజన్ వాయువులుగా, కొంత వేడిగా పోతుంది. అందుకే ఎదిగే పందికి పీచు మరీ ఎక్కువైతే బరువు పెరగడం మందగిస్తుంది. పెద్దపేగు బాగా ఎదిగిన తల్లిపంది అదే మేతను ఇంకా మెరుగ్గా వాడుకోగలదు.

పీచు అంతా ఒకటి కాదు. పెక్టిన్ లాంటి కరిగే పీచు పెద్దపేగు మొదట్లోనే వేగంగా పులుస్తుంది. తవుడులోని కరగని పీచు నెమ్మదిగా, చివరిదాకా పులుస్తూ పోతుంది. తవుడులో కలిసిన వరి ఊక మాత్రం బ్యాక్టీరియాకు కూడా దాదాపు లొంగదు.

పులియడానికి పీచు చాలకపోతే బ్యాక్టీరియా అరగని ప్రోటీన్ మీద పడతాయి. అప్పుడు అమ్మోనియా, ఫినాల్ లాంటి హానికర పదార్థాలు పుడతాయి. తల్లిపాలు మాన్పించిన పిల్లలకు ఇది మరింత ప్రమాదం. పాల నుంచి గట్టి మేతకు మారే ఆ రోజుల్లోనే ఈ.కొలై విరేచనాలు వాటిని ఎక్కువగా బలితీసుకుంటాయి. ఒకప్పుడు దీనికి మేతలోనే యాంటీబయాటిక్స్ కలిపేవారు. మందులకు లొంగని బ్యాక్టీరియా పెరుగుతుండటంతో, ఎదుగుదల కోసం వాటిని మేతలో వాడటాన్ని యూరోపియన్ యూనియన్ 2006లో నిషేధించింది. మనుషులకు ఆఖరి అస్త్రంలాంటి కొలిస్టిన్‌ను ఆహారం కోసం పెంచే పశువులకు వాడకుండా భారత్ 2019లో నిషేధం విధించింది. సరైన పీచుతో పేగును కాపాడే మార్గాలపై ఆసక్తి పెరగడానికి ఇదొక ముఖ్య కారణం.

అయితే దాణా బస్తా మీద కనిపించేది 'ముడి పీచు ఇంత శాతం' అన్న ఒక్క అంకె. నమూనాను ముందు ఆమ్లంలో, తర్వాత క్షారంలో మరిగించగా మిగిలినదాన్ని తూచి ఆ అంకె కడతారు. కరిగే పీచు చాలావరకు ఆ మరుగులోనే కొట్టుకుపోతుంది, లెక్కలోకి రాదు. బస్తాలో పీచు ఎంత ఉందో ఆ అంకె కొంతవరకే చెబుతుంది. అది పేగులో ఎక్కడ, ఎంత వేగంగా పులుస్తుందో అసలు చెప్పదు. పంది ఆరోగ్యానికి కావలసింది ఆ రెండో సమాచారమే.