షవరు నీరు సన్నగిల్లినచో

స్నానపు షవరు ధార సన్నగిల్లెనని వెంటనే గోడ పగులగొట్టింపబోకుడు. ముందుగా షవరు మూతిని మర త్రిప్పి ఊడదీసి నీరు విడిచి చూడుడు.

గొట్టమునుండి నీరు ధారాళముగ వచ్చినచో దోషము మూతియందే కలదు. బోరునీటిలోని సున్నము రంధ్రములలో గట్టిపడి ధారను అడ్డగించును, ప్రక్కలకు మరలించును. మూతిని నిమ్మరసము కలిపిన నీటిలో ఒక జాము నానవేసి, మెత్తని కుంచెతో తోమి కడుగవలెను.

గొట్టమందును నీరు సన్నముగనే యున్నచో తక్కిన కొళాయిలను చూడుడు. అవి బాగుగ నున్న యెడల లోపము షవరు కొళాయియందో, దాని గొట్టమందో యుండును. అవియు మందగించినచో మిద్దెమీది తొట్టిని, దాని కొళాయిని పరీక్షింపుడు. నీటి ఒత్తిడి ఎత్తువలన కలుగును. 10 మీటర్ల ఎత్తునకు చదరపు సెంటీమీటరునకు సుమారు 1 కిలోగ్రాము. తొట్టి షవరునకు కొంచెమే ఎత్తున నున్నచో ఎంత శుభ్రపరచినను ధార బలపడదు.

రోగస్థానమెరిగి చికిత్స చేయుట గృహమునకును ధర్మమే.