రాజీనామా కాగితం ముందు ఒంటరిగా

పండుగ సెలవులకు బొబ్బిలి స్టేషనులో దిగే యువకుల భుజాలకు ఇప్పుడు ల్యాప్‌టాప్ సంచులు కనిపిస్తున్నాయి. హైదరాబాదు, బెంగళూరు, చెన్నై, విశాఖ, ఇలా ఎక్కడో ఒకచోట వారికి సాఫ్ట్‌వేర్ కొలువు ఉంది. వీరిలో కొందరి తండ్రులు జ్యూట్ మిల్లులలో పనిచేసినవారు. మిల్లు గేటుకు తాళం పడితే ఎవరిని కలవాలో, ఏ కార్యాలయానికి అర్జీ పట్టుకుపోవాలో ఆ తండ్రులకు తెలుసు. వారికంటే ఎన్నో రెట్లు సంపాదించే కొడుకులకు ఆ సంగతి తెలియదు. తామూ కార్మికులమేనన్న ఊహ వారికి రాదు.

మా మదర్సాలో బాల్యాన ఖుర్ఆన్ నేర్చుకున్న ఒక యువకుడు ఒకనాడు అసర్ నమాజు తరువాత మా ప్రక్కన వచ్చి కూర్చున్నాడు. “మౌలానా, నన్ను తీసివేయలేదు. నేనే రాజీనామా చేశాను” అన్నాడు. మరి కంట నీరెందుకని అడిగాము. సంస్థవారు అతనిని ఒక గదిలోకి పిలిచి, ముందే సిద్ధం చేసిన కాగితాన్ని ఎదుట ఉంచారట. సంతకం చేస్తే మంచి అనుభవపత్రం ఇస్తామన్నారట, లేకుంటే మరెక్కడా ఉద్యోగం దొరకదన్నారట. ఇంటికి ఫోను చేసుకోనివ్వలేదట. గంట తిరగకముందే సంతకం చేసి బయటకు వచ్చాడు. ఇంటి అప్పు వాయిదాలు ఇంకా ఉన్నాయి. తల్లికి ఆనాటికి ఆ సంగతి చెప్పలేదు.

ఆ కాగితం కోసం సంస్థలు అంతగా తొందరపడటానికి కారణం ఉంది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం, ఏడాది నిరంతరాయంగా పనిచేసిన కార్మికుని సిబ్బంది తగ్గింపు పేరిట తొలగించాలంటే నెల రోజుల ముందు నోటీసు లేదా ఆ నెల వేతనం ఇవ్వవలసి ఉండేది. దానితోపాటు పూర్తి చేసిన ప్రతి సంవత్సరానికి 15 రోజుల వేతనం చొప్పున పరిహారం చెల్లించవలసి ఉండేది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతిలోనూ ఈ రెండూ ఉన్నాయి. అయితే తానుగా రాజీనామా చేసినవానికి ఇవేవీ వర్తించవు. ఒక్క సంతకంతో తొలగింపు కాస్తా ఉద్యోగి ఇష్టంగా మారిపోతుంది. “నా హోదా లీడ్ గదా, నేను కార్మికుడినెట్లా అవుతాను?” అని మా విద్యార్థి అడిగాడు. న్యాయస్థానాలు హోదా పేరును కాక, వాస్తవంగా చేసిన పనిని చూస్తాయి. సాంకేతికమైన పని చేసేవాడు చట్టం దృష్టిలో కార్మికుడు కాగలడు.

ఇది ఒక్క మా పిల్లవాని కథ కాదు. 2017 జూలైలో టెక్ మహీంద్రా ఉద్యోగి ఒకరిని మరునాడు ఉదయం పది గంటలలోగా రాజీనామా చేయమని చెప్పిన సంభాషణ దేశమంతటా వినబడింది. సంస్థ పెద్దలు బహిరంగంగా క్షమాపణ చెప్పారు. అదే సంవత్సరం హైదరాబాదులో కాగ్నిజెంట్ ఉద్యోగులు కార్మిక శాఖ తలుపు తట్టారు. అంతకుముందే, 2014 చివరలో టీసీఎస్ తొలగింపులు వార్తలకెక్కినప్పుడు, చెన్నైలో ఫోరం ఫర్ ఐటీ ఎంప్లాయీస్ అనే స్వచ్ఛంద బృందం ఉద్యోగుల పక్షాన నిలిచింది. 2015 జనవరిలో ఒక గర్భవతి తొలగింపుపై మద్రాసు హైకోర్టు స్టే ఇవ్వగా, సంస్థ ఆమె తొలగింపును ఉపసంహరించుకొన్నది. మరుసటి ఏడాది తమిళనాడు ప్రభుత్వం ఐటీ ఉద్యోగులు సంఘం పెట్టుకోవడానికి చట్టపరమైన అడ్డంకి లేదని స్పష్టపరచింది. మన తెలుగు పిల్లలు వేలాదిగా ఉన్న బెంగళూరులో 2017లో ఏర్పడిన ఐటీ ఉద్యోగుల సంఘం ‘కిటు’, 2024లో పనిదినాన్ని 14 గంటల వరకు పొడిగించే ప్రతిపాదనను వీధిలోకి వచ్చి ఎదిరించింది. ఆ ఏడాది అది చట్టం కాలేదు.

ఇటువంటి బృందాన్ని నడపడం వినడానికి సులభం. జీతమిచ్చే కార్యదర్శి ఉండడు, కార్యాలయం ఉండదు. రాత్రి పదకొండు గంటలకు, తన పని ముగించుకొన్న ఒక ఉద్యోగి మరొక ఉద్యోగి ఫోను ఎత్తాలి. ఏ కాగితాలు దాచుకోవాలో, ఏ మాటను ఈమెయిలులో వ్రాతపూర్వకంగా అడగాలో ఓపికగా చెప్పాలి. అసలు చిక్కు మరొకటి ఉంది. ఉద్యోగం పోయిననాడు పరుగున వచ్చినవాడు కొత్త కొలువు దొరికిననాడు మాయమవుతాడు. కృతఘ్నత వలన అనలేము, భయం వలన. తన పేరు జాబితాలో ఉన్నదని కొత్త యజమానికి తెలుస్తుందేమోనన్న భయం. అందుచేత బృందం వందమందికి మేలు చేసినా, మరునాటికి పదిమందే మిగులుతారు.

ఇచ్చట మాకు హిల్ఫుల్ ఫుజూల్ గుర్తుకు వస్తుంది. మక్కాలో సరుకు అమ్మి సొమ్ము రాక మోసపోయిన యెమెన్ వర్తకుని మొర విని, అబ్దుల్లాహ్ బిన్ జుద్‌ఆన్ ఇంట పెద్దలు చేసుకొన్న ఒప్పందమది. వచ్చినవాడు పరదేశి, తెగ బలం లేనివాడు. మోసగించినవాడు ఊరి పెద్ద. వర్తకుని సొమ్ము వర్తకునికి చేరింది. ఆ ఒప్పందంలో ప్రవక్త (స) తమ యౌవనంలో పాల్గొన్నారు, అనంతర కాలంలోనూ దానిని మెచ్చుకొన్నారు. అక్కడివారెవరూ తమ పేరు దాచుకోలేదు.

మేము ఆ యువకుని మా వీధిలోనే ఉండే ఒక విశ్రాంత మిల్లు కార్మికుని వద్దకు తీసుకువెళ్ళాము. ఆయనకు కంప్యూటరు తెలియదు. కథంతా విని అడిగిన మొదటి ప్రశ్న: “బాబూ, సంతకం పెట్టిన కాగితం నకలు తీసుకున్నావా?” లేదన్నాడు. “సరే, ఆ రోజు ఎవరెవరు గదిలో ఉన్నారో, ఏ గంటకు పిలిచారో ఈ రాత్రికే రాసి పెట్టు. మరచిపోతావు” అన్నారు పెద్దాయన. మా విద్యార్థి అక్కడే కూర్చొని వ్రాశాడు. మూడు పుటలయ్యాయి. ఒత్తిడి చేసి సంతకం తీసుకొన్నారంటూ కార్మిక శాఖకు పంపిన అర్జీకి అవే ఆధారమయ్యాయి. నిర్ణయం ఇంకా రాలేదు.

తల్లికి ఆ రాత్రే చెప్పాడు. ఆమె కొడుకును తిట్టలేదట, అన్నం వడ్డించిందట.

ఇప్పుడు అతనికి విశాఖలో చిన్న ఉద్యోగం దొరికింది. మాయమైపోతాడనే అనుకొన్నాము. నెలకొకసారి ఊరికి వచ్చి, మదర్సా వెనుక గదిలో తనవంటివారిని కూర్చోబెడుతున్నాడు. సంఘాన్ని నమోదు చేయించాలంటే దరఖాస్తుపై కనీసం ఏడుగురి సంతకాలు కావాలి. ఆ పరిశ్రమలో పనిచేసేవారిలో పది శాతమో, నూరుగురో, ఏది తక్కువైతే అంతమంది సభ్యులుండాలి. గదిలోకి పదిహేనుమంది వరకు వస్తున్నారు. టీ త్రాగుతున్నారు, తమ కష్టాలు చెప్పుకుంటున్నారు. పేరు వ్రాయమని పుస్తకం ముందుంచితే మాత్రం ఫోను మ్రోగిందని లేచిపోతున్నారు. ఆ పుస్తకంలో ఇప్పటికి అయిదు పేర్లున్నాయి. మొదటిది అతనిదే.