అమ్మకి గ్రీన్ కార్డు, అక్కకి ఇరవై ఏళ్ళు

నేను క్యారీ నుంచి మాట్లాడుతున్నాను. పగలంతా కంప్యూటర్ కన్సల్టెంటుని, లాయర్ని కాను. మా అమ్మ గ్రీన్ కార్డు కాగితాలు నేనే కూర్చుని నింపాను కనక ఆ అనుభవంతో నాలుగు మాటలు చెబుతాను. మీరు కాగితాలు పంపేముందు మాత్రం ఓ లాయర్ని అడగండి.

ఇక్కడి వెంకటేశ్వరస్వామి గుడిలో ప్రసాదం లైన్లో నిలబడితే ఎవరో ఒకరు అంటారు, "సిటిజెన్ అయ్యావుగా, ఇంక మీవాళ్ళందర్నీ తెచ్చేసుకో!" అని. విజయనగరం నుంచి మా అక్కా అదే అడిగింది. మనకి "మావాళ్ళు" అంటే మేనమామ దగ్గర్నుంచి తోడికోడలి చెల్లెలి దాకా. అమెరికా చట్టం లెక్క వేరు.

సిటిజెన్‌కి భార్య లేక భర్త, 21 నిండని పెళ్ళికాని పిల్లలు, తల్లిదండ్రులు. వీళ్ళకి మాత్రమే ఏటా ఇన్నే వీసాలన్న పరిమితి లేదు. తల్లిదండ్రులకి వెయ్యాలంటే మనకి 21 నిండాలి, గ్రీన్ కార్డు ఒక్కటే ఉంటే చాలదు. అల్లుడెంత మంచివాడైనా అత్తమామలకి వెయ్యలేడు, కూతురే సిటిజెన్ అయి వెయ్యాలి.

మొదట ఐ-130 ఫారం వేశాను. అందులో నేను ఆవిడ కొడుకునని రుజువు చెయ్యాలి. ఇదేం పెద్ద పని అనుకున్నాను. నా జనన ధృవీకరణ పత్రంలో అమ్మ పేరు ఇంట్లో పిలిచే పేరు. పాస్‌పోర్టులో పూర్తి పేరు, అదీ ఇంటిపేరు ముందొకచోట, వెనకొకచోట. ఇక అమ్మ పుట్టుక ఎక్కడా నమోదు కాలేదు. జనన మరణాల నమోదు చట్టం వచ్చిందే 1969లో, అమ్మ అంతకు ముందే పుట్టింది. "సంక్రాంతికి ముందు పుట్టానుట" అంటే అమెరికా వాడికి చాలదు కదా! రికార్డు లేదని మునిసిపాలిటీ నుంచి సర్టిఫికెట్ తెచ్చి, దాంతోపాటు అమ్మ పుట్టుక ఎరిగిన పెద్దవాళ్ళ చేత అఫిడవిట్లు రాయించాం. ఎరిగినవాళ్ళలో మిగిలింది ఇద్దరే. అందులో మా పెద్దమ్మ సంతకం పెట్టిన ఏడాదికే పోయింది. మీకు ఇంకా సిటిజెన్‌షిప్ రాకపోయినా సరే, ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు ఈ కాగితాల పని చూసుకోండి. మిగతావన్నీ ఇక్కడ కూర్చుని చేసుకోవచ్చు.

తరవాత ఐ-864. అమ్మని పోషిస్తానని నేను ప్రభుత్వానికి రాసిచ్చే పత్రం. ఇంట్లో ఉన్నవాళ్ళందర్నీ లెక్కవేసి, పేదరికపు గీతకి 125 శాతం ఆదాయం చూపించాలి. మన ఉద్యోగాలకి అది కష్టం కాదు. ఆ పూచీ మాత్రం ఏళ్ళ తరబడి ఉంటుంది. ఆ పైన ముంబైలో ఇంటర్వ్యూ.

కార్డు వచ్చాక అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "మరి మన ఇల్లు ఎవరు తెరుస్తారురా?" అని. కార్డంటే ఎప్పుడు కావాలంటే అప్పుడు వచ్చిపోయే పాసు అనుకుంటాం. అది ఇక్కడ కాపురం ఉండేవాళ్ళకి. ఆరునెలలు దాటి ఇండియాలో ఉంటే తిరిగొచ్చినప్పుడు ప్రశ్నలు తప్పవు. ఏడాది దాటితే కార్డే పోవచ్చు. ఎక్కువకాలం ఉండాలనుకుంటే బయల్దేరే ముందే ఇక్కడుండగా రీఎంట్రీ పర్మిట్‌కి వెయ్యాలి. ఇక్కడ ఉద్యోగం చెయ్యని తల్లిదండ్రులు 65 దాటినా, వరసగా అయిదేళ్ళు నివాసం ఉంటే గాని మెడికేర్ డబ్బులిచ్చి కొనుక్కోడానికి కూడా లేదు. కనక ఇన్సూరెన్స్ ఖర్చు ముందే లెక్క వేసుకోండి. ఏడాదికి ఒకసారి వచ్చి మనవల్ని చూసి వెళ్ళే తల్లిదండ్రులకి విజిటర్ వీసాయే హాయి అని నా అభిప్రాయం. మా నాన్నగారు లేరు, అమ్మ ఒంటరిది కనక మేం ఇలా చేశాం.

ఇక అక్క. అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్ళకీ ప్రపంచం మొత్తానికి ఏడాదికి 65,000 వీసాలు. ఏ దేశానికైనా మొత్తం మీద ఏడు శాతం పరిమితి. 2025లో మన దేశం వాళ్ళకి పిలుపు అందింది 2006లో వేసినవాళ్ళకి! అక్క కొడుక్కి ఇప్పుడు తొమ్మిదేళ్ళు. అక్క వంతు వచ్చేసరికి వాడికి 21 దాటిపోతుంది, తల్లితో రాలేడు. 2002లో పిల్లల వయసు కాపాడే చట్టం ఒకటి వచ్చింది గాని, అది తీసేసేది దరఖాస్తు పరిశీలనలో ఉన్న కాలాన్నే, లైన్లో గడిచిన ఏళ్ళని కాదు. పైగా మన పేరున దరఖాస్తు ఉందా అని విజిటర్ వీసా ఫారంలో అడుగుతారు. ఉందంటే, వెళ్ళి తిరిగొస్తామని నమ్మించడం కష్టమవుతుంది.

ఇదంతా ఫోన్లో అక్కకి చెప్పడానికి నాకు వారం పట్టింది. కాసేపు మాట్లాడలేదు. తరవాత, "అంటే నాకు అరవై దాటాక, నా కొడుకుని ఇక్కడ వదిలేసి, నీ మనవల్ని ఎత్తుకోడానికి రావాలన్నమాట" అంది. బావ పక్కనుంచి, "వేసి పడెయ్యమను, పోయేదేముంది" అంటున్నాడు. ఫారం నింపి పెట్టాను, ఇంకా పంపలేదు. వచ్చే వేసవికి విజిటర్ వీసా అడిగి చూస్తామంది.