క్షేత్ర ప్రయోగ సమాచారం: ‘ఆర్’ భాషలో అంతర్నిహిత శ్రేణుల కూర్పు, సూచిక

బహుళ ప్రాంత ప్రయోగాలలో నమోదయ్యే దిగుబడి అంకెకు విడిగా అర్థం లేదు. అది ఏ కేంద్రంలో, ఏ రకానికి, ఎన్నవ రెప్లికేషన్‌లో వచ్చిందో తెలిసినప్పుడే విశ్లేషణకు పనికివస్తుంది. క్షేత్ర పుస్తకంలో ఈ సంబంధం పుటలు, వరుసలు, గడుల రూపంలో కంటికి కనిపిస్తుంది. కంప్యూటర్‌లోకి ఎక్కించిన తరువాత దానిని నిలిపేది సమాచారాన్ని కూర్చిన తీరే. ఆ కూర్పు చెదిరితే అంకెలన్నీ సరిగానే ఉండి, ఫలితం మాత్రం తప్పవుతుంది.

వ్యవసాయ గణాంక విశ్లేషణలో విరివిగా వాడే ‘ఆర్’ భాషను న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ రూపొందించారు. బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన ‘ఎస్’ భాష దీనికి మాతృక. ‘ఆర్’ 1.0.0 వెర్షన్ 2000 ఫిబ్రవరి 29న విడుదలైంది.

కలపడంలో రెండు పద్ధతులు

ఈ భాషలో వెక్టర్ అనేది ఒకే జాతి విలువల వరుస. అంకెల మధ్య ఒక్క పదం చేరినా అంకెలన్నీ అక్షర రూపంలోకి మారిపోతాయి. లిస్ట్ అలా కాదు. అందులో వెక్టర్, పట్టిక, మరొక లిస్ట్ కూడా ఇమిడి ఉండవచ్చు. మారుటేరు, బాపట్ల, నెల్లూరు కేంద్రాలలో వరి రకాలను పరీక్షించినప్పుడు కేంద్రం, దానిలో రకం, దానిలో రెప్లికేషన్లు అనే మూడంచెల అమరికకు లిస్ట్ చక్కగా సరిపోతుంది.

రెండు కేంద్రాల సమాచారం చెరి మూడు రకాల లిస్ట్‌గా ఉన్నదనుకుందాం. వాటిని ‘సి’ ఫంక్షన్‌తో కలిపితే ఆరు అంశాల ఒకే లిస్ట్ వస్తుంది. కేంద్రం అనే అంచె మాయమవుతుంది. ‘లిస్ట్’ ఫంక్షన్‌తో కలిపితే రెండు అంశాలే వస్తాయి. ఒక్కొక్క దానిలో మూడు రకాలు భద్రంగా ఉంటాయి. ‘అన్‌లిస్ట్’ వాడితే అన్ని అంచెలూ కరిగి, అంకెలన్నీ ఒకే వరుసలో నిలుస్తాయి.

సూచికలో జాగ్రత్తలు

ఒంటి చదరపు బ్రాకెట్ [ ] లిస్ట్ నుండి చిన్న లిస్ట్‌ను ఇస్తుంది. జంట బ్రాకెట్లు [[ ]] లోపలి వస్తువునే ఇస్తాయి. ధాన్యం సంచిని బయటకు తీయడానికీ, సంచి విప్పి ధాన్యం తీయడానికీ ఉన్న తేడా ఇదే. ఒంటి బ్రాకెట్‌తో తీసిన దాని సగటు అడిగితే హెచ్చరికతో పాటు ‘ఎన్‌ఏ’ వస్తుంది. కనుక మొదట కేంద్రం పేరును, తరువాత రకం పేరును జంట బ్రాకెట్లలోను, చివరగా రెప్లికేషన్ సంఖ్యను ఒంటి బ్రాకెట్‌లోను ఇవ్వాలి.

పేరు రాయడంలో అక్షరదోషం ఉంటే లిస్ట్ విషయంలో జంట బ్రాకెట్లు దోషం చూపకుండా ‘నల్’ అనే శూన్య విలువను ఇస్తాయి. దాని మొత్తం అడిగితే ఏ హెచ్చరికా లేకుండా 0 వస్తుంది. పంట పండని మడికీ, పేరు తప్పిన మడికీ అప్పుడు తేడా తెలియదు.

వరుస తప్పితే ఏమవుతుంది

మూడు రకాలు, నాలుగు రెప్లికేషన్లు గల ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. దిగుబడులు హెక్టారుకు క్వింటాళ్లలో: మొదటి రకం 52, 50, 54, 52, రెండవ రకం 45, 47, 46, 46, మూడవ రకం 60, 58, 61, 57. సగటులు వరుసగా 52, 46, 59.

ఈ 12 అంకెలను ఇదే వరుసలో ఇచ్చి మూడు అడ్డు వరుసల మ్యాట్రిక్స్ అడిగితే, ‘ఆర్’ వాటిని నిలువు వరుసల వెంబడి నింపుతుంది. అప్పుడు సగటులు 52, 50.5, 54.5గా మారుతాయి. మొత్తం 628 మారదు, మొదటి రకం సగటు కూడా యాదృచ్ఛికంగా మారదు. పైపై తనిఖీలో తప్పు దొరకదు. కానీ రెండవ, మూడవ రకాల మధ్య 13 క్వింటాళ్ల తేడా 4 క్వింటాళ్లకు కుంచించుకుపోయింది. ‘బైరో’ అనే ఐచ్ఛికాన్ని ‘ట్రూ’గా ఇస్తే అడ్డు వరుసల వెంబడి సరిగా నింపుతుంది.

‘ఆర్‌బైండ్’తో వెక్టర్లను వరుసలుగా పేర్చేటప్పుడూ ఇటువంటి చిక్కే ఉంది. ఒక కేంద్రంలో నాలుగు రెప్లికేషన్లు, మరొక దానిలో రెండే ఉంటే, ఆ రెండు అంకెలే నిశ్శబ్దంగా పునరావృతమై నాలుగు గడులూ నిండుతాయి. నాలుగుకు మూడు కలిపితే హెచ్చరిక వస్తుంది. రెండు కలిపితే రాదు. లేని మడులు ఉన్నట్లుగా లెక్కలోకి చేరతాయి.

ఆచరణలో

డేటా ఫ్రేమ్‌లను ‘ఆర్‌బైండ్’ చేసినప్పుడు నిలువు వరుసలు స్థానాన్ని బట్టి కాక పేరును బట్టి జతపడతాయి. అందుచేత ప్రతి మడికి ఒక అడ్డు వరుస, అందులో కేంద్రం, రకం, రెప్లికేషన్, దిగుబడి అనే నాలుగు గడులు ఉండేలా ప్రతి కేంద్రం సమాచారాన్ని సిద్ధం చేసుకొని, ఆ తరువాతనే కలపడం మేలు. కలిపిన వెంటనే ‘ఎస్‌టీఆర్’ ఫంక్షన్‌తో అమరికను పరిశీలించాలి. మడుల సంఖ్యను, ప్రతి రకం సగటును క్షేత్ర పుస్తకంతో సరిచూడాలి. మొత్తం ఒక్కటే సరిపోయిందని తృప్తిపడకూడదు.

వైవిధ్య విశ్లేషణ తనకు అందిన పట్టికనే నమ్ముతుంది. మడి ఎక్కడిదో అది అడగదు. విస్తరణ శాస్త్రవేత్త రైతుకు సూచించే రకం ఆ పట్టిక నుండే వస్తుంది గనుక, విశ్లేషణకు ముందు చేసే ఈ కొద్దిపాటి తనిఖీ ప్రయోగంలో భాగమే.