పరుగు – ఒంటినొప్పులు

యాభై దాటాక పరుగు మొదలుపెట్టినవారు రెండోరోజు పిక్కలు పట్టేస్తే భయపడి మానేస్తుంటారు. ఆ నొప్పి ఎందుకు వస్తుందో తెలుసుకుందాం.

అలవాటులేని శ్రమవల్ల కండరాల పోగులలో అతిసూక్ష్మమైన చీలికలు ఏర్పడతాయి. శరీరం వాటిని బాగుచేసుకొనేటప్పుడు నొప్పి పుడుతుంది. ఇది ఒకటి నుంచి మూడు రోజుల్లో హెచ్చి, తరువాత తగ్గుతుంది. లాక్టిక్ ఆమ్లం దీనికి కారణం కాదు. అది పరుగు ఆపిన గంట, రెండు గంటల్లోనే తొలగిపోతుంది. ఇలాంటి నొప్పి ఉన్నప్పుడు మెల్లగా నడవవచ్చు.

ఒకే కీలులో పోటు, వాపు ఉంటే మాత్రం పరుగు ఆపి వైద్యునికి చూపించుకోవాలి. ఛాతీలో నొప్పి, బిగుతు కలిగితే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

వయసు పెరిగేకొద్దీ కండరాలు కోలుకోవడానికి ఎక్కువ వ్యవధి పడుతుంది. కనుక దినం విడిచి దినం పరుగెత్తండి. ఎంతదూరం వెళ్ళారో, ఎక్కడ నొప్పి పుట్టిందో రోజూ రాసుకొని తోటివారికి చెప్పండి. చులకన అవుతామని నొప్పిని దాచుకుంటే చిన్న దెబ్బే ముదురుతుంది.

పంజాబులో పుట్టిన ఫౌజాసింగ్ 2000లో లండన్ మారథాన్‌లో 42.195 కిలోమీటర్లు పరుగెత్తారు. అప్పటికి తన వయసు 89 అని ఆయన చెప్పారు.

ఆలోచించండి: ఏయే నొప్పులు కలిగినప్పుడు పరుగు ఆపాలి? ఎందుకు?