అద్దె ఇంటి పెట్టుబడి

అద్దె ఇంటి పెట్టుబడి అనగా అద్దె రాబడి కొరకు గాని, ముందుముందు ధర పెరుగుతుందన్న ఆశతో గాని ఇల్లు, ఫ్లాటు కొనడం. తెలుగు రాష్ట్రాలలో ఉద్యోగ విరమణ సమయంలో వచ్చిన సొమ్మును, విదేశాలలోని పిల్లలు పంపిన డబ్బును ఈ విధంగా మదుపు చేయడం పరిపాటి. ఈ రంగానికి కొత్తవారైన యజమానులకు ఎదురయ్యే ఇబ్బందులు ప్రధానంగా మూడు: కొన్న ఆస్తిపై హక్కు నిలవకపోవడం, అనుకున్న రాబడి చేతికి అందకపోవడం, అద్దెకున్నవారితో తగాదాలు. కాగితాలను కొనుగోలుకు ముందే పరిశీలించకపోవడం, అద్దె షరతులను నోటిమాటగా వదిలివేయడం వీటిలో చాలావాటికి మూలం.

హక్కు పరిశీలన

రిజిస్ట్రేషన్ జరిగితే ఆస్తి తమదైపోయినట్లేనని చాలామంది భావిస్తారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం సబ్ రిజిస్ట్రారు నమోదు చేసేది దస్తావేజును మాత్రమే. అమ్మినవారికి నిజంగా హక్కు ఉన్నదని ప్రభుత్వం హామీ ఇవ్వదు. హక్కుకు ప్రభుత్వమే పూచీ వహించే పద్ధతి కొరకు ఆంధ్రప్రదేశ్ తెచ్చిన భూ యాజమాన్య హక్కు చట్టం, 2022 వివాదాస్పదమై 2024లో రద్దయింది. కనుక పరిశీలన భారమంతా కొనేవారిదే.

ఇందుకు మొదటి ఆధారం ఈసీ. ఆ ఆస్తిపై రిజిస్టరైన అమ్మకాలు, తనఖాలు, దానపత్రాలు ఇందులో కనిపిస్తాయి. రిజిస్టరు కాని వీలునామాలు, నోటిమాట పంపకాలు ఇందులో కనబడవు. అందువలన ఈసీతో సరిపెట్టుకొనక పాత లింకు దస్తావేజులను వరుసగా చదివి, ఆస్తి ఎవరినుండి ఎవరికి ఎలా వచ్చినదో సరిచూడాలి.

పిత్రార్జిత ఆస్తి అయినచో అమ్మేవారి ఆడపడుచుల హక్కు ముఖ్యమైనది. హిందూ ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమార్తెలకు కుమారులతో సమానమైన హక్కును ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు 5 నుండి కల్పించింది. నాటికే వివాహమైనవారికి అది వర్తించలేదు. 2005 నాటి కేంద్ర సవరణ ఆ భేదాన్ని తొలగించింది. అన్నదమ్ముల సంతకాలతోనే కొన్న ఇంటిపై కొన్నేళ్ళ తరువాత అక్కచెల్లెళ్ళు పంపకపు దావా వేయడానికి అవకాశం ఉన్నది.

జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ ద్వారా జరిగే అమ్మకాలు యాజమాన్య హక్కును బదిలీ చేయవని సుప్రీంకోర్టు 2011లో స్పష్టం చేసింది. అసైన్డ్ భూములు, దేవాదాయ భూములు, చెరువు శిఖం భూములలో ప్లాట్లు వేసి అమ్మడం మరొక ప్రమాదం. ఆ సర్వే నంబరు నిషేధిత భూముల జాబితాలో ఉన్నదేమో చూడాలి. హైదరాబాదులో 2024లో ఏర్పడిన హైడ్రా, చెరువుల పూర్తి నీటిమట్టం పరిధిలోని పలు కట్టడాలను కూల్చివేసింది.

నిర్మాణంలో ఉన్న ఫ్లాట్లు

2016 నాటి రెరా చట్టం ప్రకారం స్థలం 500 చదరపు మీటర్లు గాని, ఫ్లాట్ల సంఖ్య 8 గాని మించిన ప్రాజెక్టును నమోదు చేయించకుండా ప్రకటనలు ఇవ్వరాదు, అమ్మరాదు. కొనుగోలుదారుల నుండి వసూలైన సొమ్ములో 70 శాతాన్ని ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. నిర్మాణ లోపాలకు స్వాధీనం చేసిన నాటినుండి 5 సంవత్సరాలు బిల్డరుదే బాధ్యత. నమోదుకు ముందే తక్కువ ధర చూపి ‘ప్రీలాంచ్’ పేరుతో డబ్బు తీసుకోవడం ఈ చట్టానికి విరుద్ధం.

రాబడి లెక్క

కొత్త యజమానులు అద్దెను 12తో గుణించి అదే రాబడి అనుకొంటారు. ఉదాహరణకు రూ.60 లక్షల ఫ్లాటుకు నెలకు రూ.18,000 అద్దె వస్తుందని అనుకొంటే సంవత్సరానికి రూ.2,16,000, అనగా 3.6 శాతం. ఒక నెల ఖాళీగా ఉంటే రూ.18,000, యజమాని భరించే మెయింటెనెన్స్ రూ.24,000, ఇంటిపన్ను రూ.6,000, మరమ్మతులు రూ.12,000 తీసివేయగా మిగిలేది రూ.1,56,000, అనగా 2.6 శాతం. స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులు ఇందులో చేర్చలేదు. అప్పు చేసి కొన్నచో వడ్డీ ఈ రాబడిని మించిపోతుంది. మిగిలిన లోటు ధర పెరిగితేనే తీరుతుంది.

ధర పెరుగుతుందన్న భరోసా లేదు. అమరావతి రాజధాని ప్రకటన వలన 2014 తరువాత ఆ ప్రాంతంలో ధరలు బాగా పెరిగినవి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రతిపాదన రాగానే కొనేవారు కరువైనారు.

ఆదాయపు పన్ను లెక్కలో అద్దె నుండి చెల్లించిన ఇంటిపన్నును, ఆపై మిగిలిన దానిలో 30 శాతాన్ని మినహాయిస్తారు. మరమ్మతులకు ఎంత ఖర్చైనా అంతకుమించి మినహాయింపు లేదు.

అద్దె ఒప్పందం

సంవత్సరానికి మించిన కాలానికి చేసుకొనే అద్దె ఒప్పందాన్ని తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి. లేనిచో అందులోని షరతులను కోర్టు సాక్ష్యంగా స్వీకరించదు. 11 నెలల ఒప్పందాలు వాడుకలోకి రావడానికి కారణం ఇదే. ఒప్పందంలో ఈ అంశాలు ఉండాలి:

* అద్దె, చెల్లించవలసిన తేదీ, ఏటా పెంపు
* అడ్వాన్సు ఎంత, అందులోనుండి వేటికి కోత విధించవచ్చు
* మెయింటెనెన్స్, నీటి, విద్యుత్ బిల్లులు ఎవరు కట్టాలి
* చిన్న, పెద్ద మరమ్మతులు, సున్నాలు ఎవరి బాధ్యత
* ఖాళీ చేయడానికి ఎన్ని రోజుల ముందు చెప్పాలి
* వేరొకరికి అద్దెకిచ్చే హక్కు ఉన్నదా, లేదా

తాళం ఇచ్చే రోజున మీటరు రీడింగును, ఇంటిలోని సామగ్రిని వ్రాసి ఇరువురూ సంతకాలు చేస్తే అడ్వాన్సు తగాదాలు చాలవరకు తప్పుతాయి.

ఖాళీ చేయించడం

12 సంవత్సరాలు ఉన్న అద్దెదారుకు ఇల్లు సొంతమవుతుందన్న నమ్మకం ప్రచారంలో ఉన్నది. ఇది సరికాదు. అద్దె సంబంధం కొనసాగుతున్నంత కాలం అద్దెదారు యజమాని హక్కును కాదనలేడని 1872 నాటి సాక్ష్య చట్టంలో ఉన్న నియమమే 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఉన్నది. అయితే అద్దె గడువు ముగిసిన తరువాత 12 సంవత్సరాలలోపు దావా వేయాలి. అద్దె రసీదులు, బ్యాంకు జమలు ఆ సంబంధానికి రుజువులు.

వేరే షరతు లేనప్పుడు నెలవారీ అద్దెను ముగించడానికి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం 15 రోజుల నోటీసు ఇవ్వాలి. అప్పటికీ ఖాళీ చేయనిచో కోర్టుకు వెళ్ళవలసినదే. బలవంతంగా వెళ్ళగొట్టబడిన అద్దెదారు 6 నెలలలోపు దావా వేసి తిరిగి స్వాధీనం పొందవచ్చును. కనుక తాళాలు మార్చడం, కరెంటు తీయించడం యజమానికే నష్టం కలిగిస్తాయి.

విదేశాలలోని యజమానులు

ప్రవాస భారతీయులు ఇండ్లు, ఫ్లాట్లు కొనవచ్చును గాని వ్యవసాయ భూమిని కొనరాదు. వారసత్వంగా పొందవచ్చును. ప్రవాస యజమానికి అద్దె చెల్లించేవారు పన్నును మినహాయించి ప్రభుత్వానికి కట్టాలి. ప్రవాసి నుండి ఇల్లు కొనేవారికీ ఇట్టి బాధ్యతే ఉన్నది. ఇక్కడ ఇంటి వ్యవహారాలు చూసే బంధువుకు ఇచ్చే అధికార పత్రంలో అద్దె వసూలు, నోటీసులు, దావాల వరకే అధికారం పరిమితం చేసి, అమ్మకపు అధికారం చేర్చకుండుట క్షేమం.