పిత్తు, గాలి, గ్యాస్: ఏ మాట ఎక్కడ?

పొట్ట ఆపరేషన్ అయిన మర్నాడు డాక్టరుగారు వార్డులోకి వచ్చి, మంచం మీదున్న పెద్దాయనను "గ్యాస్ పోయిందా?" అని అడుగుతారు. "రెండుమూడు తేన్పులొచ్చాయండీ" అంటాడాయన. డాక్టరుకు కావలసింది ఆ జవాబు కాదు. పక్కనున్న నర్సు "కింద నుంచి గాలి పోయిందా తాతా?" అని విప్పి అడిగితే గానీ విషయం తేలదు. ఇలాంటి తికమక మన ఆసుపత్రుల్లో కొత్త కాదు.

ఆ ప్రశ్న అడగడానికి కారణముంది. మత్తుమందు, నొప్పి తెలియకుండా ఇచ్చే మార్ఫిన్ లాంటి మందులు, ఆపరేషన్‌లో పేగులను అటూ ఇటూ జరపడం, వీటన్నిటివల్ల పేగుల కదలిక కొంతకాలం మందగిస్తుంది. కింద నుంచి గాలి పోయిందంటే పేగులు మళ్ళీ పనిలో పడ్డాయని గుర్తు. నలుగురిలో సిగ్గుపడే పని అక్కడ శుభవార్త అవుతుంది.

దీనికి మన ఇళ్ళలో ఉన్న అసలు మాట పిత్తు. నామవాచకమూ అదే, క్రియా అదే: పిత్తాడు, పిత్తింది, పిత్తకురా. పిల్లా పెద్దా అందరికీ తెలుసు గానీ వియ్యాలవారి ముందు ఎవరి నోటా రాదు. స్నేహితుల మధ్య నవ్వుకు పనికొస్తుంది, కోపమొస్తే తిట్టుకూ పనికొస్తుంది. చప్పుడైతే బుర్రుమందంటాం, కాకపోతే తుస్సుమందంటాం. పిల్లలైతే "ఎవడ్రా బాంబు వేసింది?" అని ముక్కు మూసుకుంటారు. తుస్సు ఈ ఒక్క పనికే పరిమితం కాలేదు. పేలని టపాకాయ తుస్సు, ఆడని సినిమా తుస్సు, ఎన్నికల్లో నిలబడని హామీ కూడా తుస్సే.

కాస్త మర్యాదగా చెప్పాలంటే గాలి పోయింది, గాలి వదిలాడు అంటాం. పుస్తకాల్లోకి వెళ్తే అది అపానవాయువు. ప్రాణ, అపాన, సమాన, ఉదాన, వ్యాన అని శరీరంలో ఐదు వాయువులను పూర్వులు లెక్కపెట్టారు. వాటిలో కిందివైపు పోయేది అపానం. ఆయుర్వేద గ్రంథాల్లో అధోవాతమనే మాట కూడా ఉంది. చరకసంహిత సూత్రస్థానంలో ఏడో అధ్యాయం బలవంతంగా ఆపకూడని పదమూడు వేగాలను చెబుతుంది. మూత్రం, తుమ్ము, ఆవులింత, ఆకలి, దప్పికలతో పాటు ఇదీ ఆ జాబితాలో ఉంది. సంస్కృతంలో మరో మాట పర్దనం. హిందీ పాద్, ఇంగ్లీషు ఫార్ట్ దానికి దూరపు చుట్టాలే. మన పిత్తు ఆ కుటుంబానికి చెందినది కాదు.

ఇక్కడొక చిక్కు కూడా ఉంది. సైన్సు క్లాసులో "పిత్తాశయం" అనగానే వెనక బెంచీలు కిసుక్కుమంటాయి. పిత్తం సంస్కృతపు మాట, కాలేయంలో ఊరే పైత్యరసానికి పేరు. పిత్తాశయం ఆ రసం నిలవుండే తిత్తి. పిత్తుకూ దానికీ ఏ సంబంధమూ లేదు. వినడానికి దగ్గరగా ఉన్నాయంతే.

ఇంతకీ ఆ గాలి ఎక్కడిది? తినేటప్పుడు, తాగేటప్పుడు మింగే గాలి కొంత. అందులో చాలా భాగం తేన్పుగా పైనుంచే పోతుంది. మిగతాది పెద్దపేగులో పుడుతుంది. శనగలు, బొబ్బర్లు, రాజ్మా, చిక్కుడు గింజల్లో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలుంటాయి. వాటిని విడగొట్టే ఎంజైము మన పేగులకు లేదు. అవి అరగకుండానే పెద్దపేగుకు చేరితే అక్కడి సూక్ష్మజీవులు పులియబెట్టి హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, కొందరిలో మీథేన్ తయారుచేస్తాయి. పాలలోని లాక్టోజ్ అరగనివాళ్ళలోనూ జరిగేది ఇదే. గింజలను రాత్రంతా నానబెట్టి ఆ నీళ్ళు పారబోస్తే ఈ చక్కెరలు కొంత తగ్గుతాయి.

ఈ వాయువుల్లో ఎక్కువ భాగానికి వాసన ఉండదు. ముక్కు మూయించేవి అతి కొద్దిగా ఉండే గంధకపు వాయువులు, ముఖ్యంగా కుళ్ళిన గుడ్డు కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్. ఇక ఎంత పోతుందంటారా? 1991లో 'గట్' అనే వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. మామూలు తిండితో పాటు ఉడికించిన చిక్కుడు గింజలు తిన్న 10 మంది ఆరోగ్యవంతుల్లో 24 గంటల్లో పోయిన గాలిని కొలిస్తే, మనిషిని బట్టి 476 నుంచి 1,491 మిల్లీలీటర్ల దాకా తేలింది. అంటే ఎంత గంభీరంగా కూర్చున్నవారికైనా ఇది రోజువారీ పనే.

ఇప్పుడు గ్యాస్ సంగతి. వెనకటి తరం "బంగాళాదుంప వాతం చేస్తుంది" అనేది. ఈ తరం "గ్యాస్ చేస్తుంది" అంటోంది. పిత్తులోని మోటుదనం లేదు, అపానవాయువులోని బరువూ లేదు కాబట్టి అందరికీ సులువుగా పట్టుబడింది. అయితే ఒక్క మాట మీద మరీ ఎక్కువ పని పెట్టాం. పుల్లతేన్పులు వస్తే గ్యాస్, పొట్ట ఉబ్బరిస్తే గ్యాస్, ఛాతీలో మంటైతే గ్యాస్, కింద నుంచి గాలి పోతుంటే గ్యాస్, వీపులో పట్టేసినా గ్యాసే. వీటన్నిటికీ మూలం ఒకటి కాదు. ఛాతీలో మంట చాలాసార్లు కడుపులోని ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నడం వల్ల వస్తుంది, గాలి వల్ల కాదు. పొట్ట బాగా ఉబ్బి, వాంతులవుతూ, గాలీ విరేచనమూ రెండూ ఆగిపోతే పేగు మూసుకుపోయి ఉండవచ్చు. అది వెంటనే ఆసుపత్రికి వెళ్ళాల్సిన స్థితి.

అన్నిటికన్నా ప్రమాదం "గ్యాస్ నొప్పి" అనే మాటతో. గుండెపోటు కూడా కొందరిలో పొట్ట పైభాగంలో బరువుగా, మంటగా మొదలవుతుంది. ఛాతీ నొప్పికి చెమటలు, ఆయాసం తోడైనా, నొప్పి ఎడమచేతికో దవడకో పాకినా సోడా తాగి పడుకోకూడదు. 108కి ఫోన్ చేయాలి, ఈసీజీ తీయించాలి. మధుమేహం ఉన్నవారిలో నొప్పి అంతగా తెలియకపోవచ్చు కూడా.

నలుగురిలో గ్యాస్ అనుకుంటే తప్పేమీ లేదు. డాక్టరు ముందు మాత్రం ఆ మాటను విడగొట్టి చెప్పాలి: తేన్పులా, ఉబ్బరమా, మంటా, నొప్పా, కింద నుంచి గాలా? తిన్నాక వస్తోందా, నడిస్తే వస్తోందా? ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా "గ్యాస్ పట్టేసిందిరా" అంటే మాత్ర కోసం వెతికే ముందు మనమూ ఇవే అడగాలి. నడిస్తే వచ్చి, ఆగితే తగ్గే నొప్పి అని చెప్పారా, వాళ్ళను తీసుకెళ్ళాల్సింది గుండె డాక్టరు దగ్గరికి.